ముందు ఆట, తర్వాత మరమ్మతు

అమెరికాలోని క్లీవ్‌లాండ్ పేరు చెప్తే మనవాళ్ళలో చాలామందికి త్యాగరాజ ఆరాధనే గుర్తొస్తుంది. 1978లో మొదలుపెట్టారు, ఇప్పటికీ ఏటా ఈస్టర్ రోజుల్లో జరుగుతోంది, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి పంచరత్నాలు పాడి వెళ్తారు. నాకూ ఆ ఉత్సవాలంటే ఇష్టమే. కానీ నేను చదువుకున్న క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ నుంచి అదే యూక్లిడ్ అవెన్యూ మీద పడమటి వైపు కాసేపు నడిస్తే ప్లేహౌస్ స్క్వేర్ వస్తుంది, నా ప్రాణమంతా అక్కడే. స్టేట్, ఒహాయో, ప్యాలెస్, అలెన్, హానా అని ఐదు పాత థియేటర్లు. నాలుగు ఒకే వరసలో ఉంటాయి, హానా ఒక్కటీ రోడ్డుకి అవతల. ఐదూ 1921, 1922లో తెరిచినవే. నూరేళ్ళు దాటిన ఆ హాళ్ళలో ఇవాళ్టికీ నాటకాలు, బ్యాలేలు, కచేరీలు నడుస్తున్నాయి. అవి ఎలా నిలబడ్డాయో, మా ఊరి నాటకాల హాలు ఎందుకు నిలబడలేదో చాలా ఏళ్ళుగా రాద్దామనుకుంటున్నాను. ఈమధ్య మా నాన్న ఫోన్లో చెప్పిన కబురు విన్నాక ఇంక ఆగలేకపోయాను.

తొంభైల మధ్యలో ఎమ్మెస్‌కి వచ్చాను నేను. అప్పట్లో సాయంత్రం ఆరు దాటితే డౌన్‌టౌన్‌లో మనిషి కనబడేవాడు కాదు. ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలికి చెవులు తెగిపోతాయేమో అనిపించేది, మేమంతా ఓవర్‌కోట్లలో దూరిపోయి బస్సు కోసం పరిగెత్తేవాళ్ళం. అలాంటి వీధిలో ఆ ఒక్క మలుపు దగ్గర మాత్రం దీపాలు, కార్లు, మంచి బట్టలేసుకున్న జనం. పండగ పూట పెళ్ళివారి ఇంటి ముందు నుంచి వెళ్తున్నట్టు ఉండేది. స్టూడెంట్లకి ఆట మొదలయ్యే ముందు మిగిలిపోయిన టికెట్లు చవగ్గా ఇస్తారని తెలిసి, రూమ్మేట్లం కలిసి ఓ శుక్రవారం స్టేట్ థియేటర్‌కి వెళ్ళాం.

తలుపు తోసుకుని లోపలికెళ్ళాక హాలు ఎంతకీ రాదు! లాబీయే 320 అడుగుల పొడవు. ప్రపంచంలో ఇంత పొడవైన థియేటర్ లాబీ ఇంకోటి లేదంటారు. కారణం ఏమిటంటే, కట్టినవాళ్ళకి గుమ్మం మాత్రం యూక్లిడ్ అవెన్యూ మీదే కావాలి, ఊళ్ళో ఖరీదైన వీధి అదే కాబట్టి. హాళ్ళేమో వెనక ఉన్న స్థలంలో కట్టారు. గుమ్మానికీ హాలుకీ మధ్య ఈ నడవా మిగిలింది. పైన చెక్కడపు పని చేసిన కప్పు, అటూ ఇటూ స్తంభాలు, గోడల మీద జేమ్స్ డాహర్టీ అనే చిత్రకారుడు వేసిన నాలుగు పెద్ద బొమ్మలు. ఆ రోజు చూసిన ఆట ఏదో ఇప్పుడు చెప్పమంటే తడుముకుంటాను గానీ, ఆ నడవాలో మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ నడిచిన సంగతి మాత్రం బాగా గుర్తుంది.

తర్వాత తెలిసింది, ఈ నడవానే ఆ థియేటర్లన్నిటినీ కాపాడిందని.

ఆ కథ ఇక్కడివాళ్ళలో చాలామందికి కంఠతా వచ్చు. టీవీలొచ్చాయి, జనం ఊరి బయట ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు, డౌన్‌టౌన్‌కి సినిమా కోసం వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. 1968, 1969 సంవత్సరాల్లో ఏడాది తేడాలో అలెన్, ఒహాయో, స్టేట్, ప్యాలెస్ నాలుగూ మూతపడ్డాయి. హానా ఒక్కటే నెట్టుకొచ్చింది. మూతపడ్డ హాలు ఎలా ఉంటుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. పైకప్పు కారుతుంది, చలికాలం పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగులుతాయి, ఆ తడికి ప్లాస్టరు ఊడి కుర్చీల మీద పడుతుంది, ఎవరో వచ్చి ఇత్తడి సామాన్లు ఊడబెరుక్కుపోతారు. 1970లో రే షెపర్డ్‌సన్ అనే యువకుడు, స్కూలు బోర్డులో చిన్న ఉద్యోగి, టీచర్ల మీటింగు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ ఈ హాళ్ళ లోపలికి వెళ్ళాడు. చూశాక అతనికి మీటింగు సంగతి పట్టలేదు. ఉద్యోగం మానేసి వీటి వెంట పడ్డాడు. అతనికి నాటకాల అనుభవం లేదు, బిల్డింగుల అనుభవం లేదు, డబ్బు అసలే లేదు.

అతను చేసిన మొదటి పని నాకు బాగా నచ్చుతుంది. చందాల పుస్తకం పట్టుకుని ఊరి మీద పడలేదు. 1971లో, మూసేసిన అలెన్ థియేటర్‌లో బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీ పెట్టించాడు. క్లీవ్‌లాండ్ అంటే ఆ రోజుల్లో హంగేరీ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళకి పెట్టింది పేరు. తమ దేశం నుంచి తమ సంగీతం వస్తోందంటే వెలసిపోయిన గోడలనీ, పాత కుర్చీలనీ ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? హాలు నిండింది. మనవాళ్ళు ఇక్కడ స్కూలు జిమ్నాజియంలలో, చర్చి బేస్‌మెంట్లలో ఉగాదులు చేసుకున్న రోజులు గుర్తున్నవాళ్ళకి ఆ హంగేరీ జనం సంతోషం వేరే వివరించక్కర్లేదు.

అంతలో 1972లో స్టేట్, ఒహాయో రెండిటినీ పడగొట్టి కార్ల పార్కింగ్ చేద్దామని యజమానులు సిద్ధమయ్యారు. జూనియర్ లీగ్ అనే మహిళా సంఘం వాళ్ళు 25,000 డాలర్లు ఇచ్చారు, మిగతావాళ్ళూ కదిలారు, కూల్చడం ఆగింది. ఆగింది సరే, తర్వాతేంటి? స్టేట్ హాలు ఆట ఆడే స్థితిలో లేదు. బాగుచేయడానికి కావలసిన లక్షల డాలర్లు ఎవరూ ఇవ్వరు, ఎందుకంటే అక్కడికి జనం వస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. అప్పుడు షెపర్డ్‌సన్, అతని స్నేహితులు కలిసి హాలు వదిలేసి, ఆ పొడుగాటి లాబీలో ఒక మూల వేదిక వేశారు. చుట్టూ టేబుళ్ళు, కుర్చీలు. నలుగురే గాయనీగాయకులు, జాక్ బ్రెల్ అనే బెల్జియం గాయకుడి పాటలతో అల్లిన చిన్న సంగీత ప్రదర్శన. 1973 ఏప్రిల్ 18న మొదలైంది. కొన్ని వారాలు ఆడితే చాలనుకున్నారు. 1975 జూన్ దాకా ఆడింది, 522 ప్రదర్శనలు!

రాత్రిపూట డౌన్‌టౌన్‌కి ఎవరూ రారని బల్లగుద్ది చెప్పినవాళ్ళే ఆ ప్రదర్శనకి టికెట్లు కొనుక్కుని వచ్చారు. వచ్చినవాళ్ళు విరామంలో ఊరుకుంటారా, తలుపు సందులోంచి చీకటి హాల్లోకి తొంగిచూసేవాళ్ళు. లోపల ఎంత పెద్ద సొత్తు పాడైపోతోందో కళ్ళారా చూశారు. డబ్బు ఇచ్చేవాళ్ళు పుట్టుకొచ్చింది అప్పుడే. 1977లో కౌంటీ ప్రభుత్వం స్టేట్, ఒహాయో ఉన్న బిల్డింగుని కొనేసింది. 1982లో ఒహాయో తెరిచారు, 1984లో స్టేట్, 1988లో ప్యాలెస్. అలెన్ వంతు 1998కి గానీ రాలేదు. లెక్కేసుకోండి, మొదటి కచేరీకీ అలెన్ పూర్తిగా బాగుపడడానికీ మధ్య పాతికేళ్ళ పైనే. ఇంతకాలం జనం విసుగెత్తి వదిలేయకుండా ఉన్నారంటే ఒకటే కారణం, ఏదో ఒక హాల్లో, ఏదో ఒక మూల ఆట ఆడుతూనే ఉంది.

మా ఊళ్ళో సరిగ్గా దీనికి తలకిందులుగా జరిగింది. గుంటూరు జిల్లాలో చిన్న ఊరు మాది. స్వాతంత్ర్యానికి ముందే ఊరి పెద్దలు చందాలు వేసుకుని కట్టించిన నాటకాల హాలు ఉండేది. మందపాటి సున్నపు గోడలు, టేకు దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన మద్రాసు మిద్దె, చెక్క స్టేజీ. ఆ స్టేజీ కింద ఖాళీ ఉండేది, పిల్లలం అక్కడ దూరి ఆడుకునేవాళ్ళం. పైన హార్మోనియం పెట్టె లాగుతుంటే ఆ చప్పుడు చెక్కల్లోంచి వీపుకి తగిలేది. మా నాన్న స్కూల్ టీచరు, పద్య నాటకాల్లో కృష్ణుడి వేషం వేసేవారు. రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారుజామున కాటిసీను. పద్యం చివర రాగం తీసి ఆపగానే "వన్స్ మోర్" అని నేల మీంచి కేక. నాన్నకి జలుబు చేసిన రాత్రి కూడా ఆ కేక వినపడితే ఇంకోసారి అందుకునేవారు. అమ్మ చీర కొంగుతో నా తల తుడుస్తూ "మీ నాన్నకి రేపు గొంతు ఉండదు" అని గొణిగేది, ఆ గొణుగుడులోనే గర్వం.

వానాకాలం కప్పు కారేది. ఓ ఏడాది బాగా కారింది. అప్పటి కమిటీవాళ్ళు కూర్చుని, మరమ్మతులు చేయించాకే మళ్ళీ నాటకాలు అని తీర్మానం చేసి తాళం వేశారు. చెడ్డ ఉద్దేశంతో వేసింది కాదు, జనం మీద పెచ్చు ఊడి పడుతుందని భయం. కానీ నాటకాలు ఆగిపోయేసరికి హాలు సంగతి ఎవరికి గుర్తుంటుంది? హార్మోనిస్టు వేరే ఊరు వెళ్ళిపోయాడు. తబలా ఆయన పెళ్ళిళ్ళ బ్యాండులో చేరాడు. చందాకి వెళ్తే "ఆడని హాలుకి చందా ఏమిటండీ" అన్నారట. మధ్యలో ఒకసారి కాస్త డబ్బొస్తే పాత సున్నం గోడల మీద సిమెంటు పూయించారు. సున్నం గోడకి సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాదు, గోడ లోలోపలే నాని పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది, సరిగ్గా అలాగే రాలింది. తర్వాత ముందు వరండాని ఆనుకుని షాపులు వేసి అద్దెకిచ్చారు, లోపల ఎవరో షామియానా సామాన్లు పెట్టుకున్నారు. తాళం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒక ఆలోచన నన్ను ఎప్పుడూ వదలదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజానికి సొంత హాలంటూ లేదు. పాకలు, డేరాలు వేసుకుంటూ, తెరలూ సెట్టింగులూ బళ్ళ మీద ఎక్కించుకుని, ఇంటిల్లిపాదీ వేషాలు కడుతూ ఊరూరా తిరిగారు. నూరేళ్ళు దాటి బతికారు, ఇప్పటికీ ఆడుతున్నారు. ఆట ఉంటే హాలు లేకపోయినా నడుస్తుంది. హాలుండి ఆట లేకపోతే షామియానా గోడౌన్ అవుతుంది, మా ఊళ్ళో అయినట్టు.

చదువు అయిపోయాక ఉద్యోగం కూడా ఈ ఊళ్ళోనే దొరికింది, ఇక్కడే ఉండిపోయాం. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక నేను ప్లేహౌస్ స్క్వేర్‌లో వాలంటీరుగా చేరాను. రెడ్‌కోట్ అంటారు మమ్మల్ని. ఎర్ర కోటు వేసుకుని టికెట్ చూసి సీటు చూపించడం, ప్రోగ్రామ్ పుస్తకం చేతికివ్వడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళని పాట అయ్యేదాకా తలుపు దగ్గర ఆపడం, ఇదీ పని. జీతం ఉండదు. వందల మంది చేస్తారు, అందులో చాలామంది రిటైరైన టీచర్లు, నర్సులు. మా ఆయన మొదట్లో "ఆఫీసు చాలదా" అనేవాడు, ఇప్పుడు తనే కారులో దింపి వెళ్తాడు.

పాత హాలు నడపడం అంటే ఏమిటో అక్కడ చేరాకే తెలిసింది. 1921 నాటి కుర్చీ వరసల మధ్య ఇప్పటి మనిషి మోకాళ్ళు పట్టవు. బాల్కనీ మెట్లు నిటారుగా ఉంటాయి, చేతికర్రతో వచ్చిన ముసలావిడని చివరి వరసకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాలంటే ఒక్కో మెట్టూ టార్చి లైటు వేసి చూపిస్తూ వెళ్ళాలి. ఆడవాళ్ళ బాత్‌రూముల ముందు విరామంలో క్యూ లాబీ దాకా వస్తుంది, ఎందుకంటే కట్టిన రోజుల్లో అన్ని బాత్‌రూములు పెట్టలేదు, ఇప్పుడు పెడదామంటే ఏ గోడ కదిలించినా ఏదో ఒక పాత పని పాడవుతుందని భయం. పెద్ద మ్యూజికల్ వస్తే వెనక ట్రక్కులు బారులు తీరతాయి, రాత్రంతా సామాను దింపుతూనే ఉంటారు. స్టేట్ థియేటర్‌ని సినిమాకీ చిన్నచిన్న వినోదాలకీ కట్టారు కాబట్టి పాత స్టేజీకి లోతు చాలదు. అందుకే 1984లో దాని వెనక కొత్త స్టేజీ బిల్డింగే కట్టారు, ఆపెరాలూ బ్యాలేలూ అప్పట్నుంచే అక్కడ ఆడగలిగాయి. ప్రేక్షకుల వైపు 1921, తెర వెనక మాత్రం కొత్తది. అచ్చంగా పాతదే ఉండాలని పట్టుబట్టి ఉంటే ఇవాళ అది మ్యూజియం అయ్యేది.

ప్లాస్టరు పని గురించి చెప్పకుండా ఉండలేను. ఒహాయో థియేటర్ లాబీ 1964లో అగ్నిప్రమాదంలో పాడైపోయింది. 1982లో హాలు తెరిచినప్పుడు డబ్బు చాలక లాబీని సాదాగా వదిలేశారు. 2016లో గానీ దాన్ని పాత రూపానికి తేలేదు. పాత ఫోటోలు చూసి, దొరికిన ముక్కలు చూసి, మళ్ళీ అచ్చులు తీసి పోతపోసి అతికించారు. ఒకసారి టూర్‌లో పనివాడొకాయన పువ్వు అచ్చు ముక్కని నా చేతిలో పెట్టాడు. ముందువైపు ఆకులు, రేకులు, బంగారు రంగు. తిప్పి చూస్తే వెనక గోనెపట్టా పీచు ప్లాస్టర్లో కూరి ఉంది. ఆ పీచే దానికి బలం అన్నాడాయన, అది లేకపోతే ఇంత బరువు కప్పుకి వేలాడదట. నేను ఆ ముక్కని వెంటనే వెనక్కివ్వలేకపోయాను, బొటనవేలితో ఆ పీచునే తడుముతూ ఉండిపోయాను. మా ఊరి హాలు స్టేజీ మీద కూడా ఇలాంటి పువ్వులే ఉండేవి, సున్నంతో చేసినవి, ఏ మేస్త్రీ చేశాడో ఎవరికీ తెలీదు.

నాన్న మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు నయాగరా చూపించాం, అందరూ చూపించేదే. ఆయన చూసి "బావుంది" అన్నారు, అంతే. ఆ తర్వాత వారం ప్లేహౌస్ స్క్వేర్ టూర్‌కి తీసుకెళ్ళాను. స్టేట్ లాబీలో ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్క మాట లేకుండా ఆ చివర నుంచి ఈ చివరికి నడిచారు. నేను తెలిసినంతవరకూ జాక్ బ్రెల్ పాటల ప్రదర్శన కథ చెప్తున్నాను. "ఎన్ని ఆటలన్నావ్?" అని రెండుసార్లు అడిగారు. "522 నాన్నా." "వరండాలో?" "వరండాలోనే."

ఒహాయో థియేటర్‌లోకి వెళ్ళాక స్టేజీ ముందు నిలబడి గట్టిగా ఒక చప్పట్ల దెబ్బ కొట్టి తల వంచి విన్నారు. నాటకాలవాళ్ళు కొత్త ఊరు వెళ్తే మొదట చేసే పని అదే. ఆ హాలు వెయ్యి సీట్లది, ఈ ఐదిటిలో చిన్నవాటిలో ఒకటి, నాటకానికి కుదిరినట్టుంటుంది. "అమ్మాయ్, ఒక పద్యం పాడొచ్చా అని ఆవిణ్ణి అడుగు" అన్నారు. టూర్ తీసుకెళ్తున్న పెద్దావిడ కూడా మా రెడ్‌కోటే, నవ్వి సరే అంది. నేను గబగబా వెనక వరసకి వెళ్ళి నిలబడ్డాను, వినపడుతుందో లేదో చూద్దామని. నాన్న ముందు కాసేపు మోహనలో ఆలాపన చేసి పద్యం ఎత్తుకున్నారు. మైకు లేదు. వయసు మీద పడ్డ గొంతు, పైన కాస్త చీలుతోంది కూడా. కానీ ఒక్కో అక్షరం చివరి వరస దాకా స్పష్టంగా వచ్చింది. మిగతా టూర్ జనం, అందరూ అమెరికన్లే, మెట్ల మీద ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పద్యం అవగానే చప్పట్లు కొట్టారు. "వన్స్ మోర్" అనడం వాళ్ళకి తెలీదు కాబట్టి ఆ కేక నేనే వేశాను.

రెండోసారి పాడి కిందికి దిగాక నాన్న అడిగిన ప్రశ్నలు వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఇది ఎవరి సొత్తు? ఒక రోజు అద్దె ఎంత? ఆట లేని రోజున కరెంటు బిల్లు ఎవరు కడతారు? నేను తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చి అడుగుతుంటే ఆ పెద్దావిడ ఓపిగ్గా చెప్పింది. థియేటర్లు నడిపే సంస్థ లాభాపేక్ష లేనిది. అయితే అది థియేటర్లతో ఆగలేదు. చుట్టుపక్కల ఆఫీసు బిల్డింగులు తనే కొని అద్దెకిస్తుంది, హోటల్ కట్టించింది, పార్కింగ్ మీద డబ్బొస్తుంది. న్యూయార్క్ బ్రాడ్‌వే నుంచి వచ్చే పెద్ద ఆటలకి ఏడాది మొత్తానికి ముందే టికెట్లు కొనేవాళ్ళు వేలల్లో ఉంటారు, దేశంలో పెద్ద సంఖ్యల్లో అదొకటి. ఆ డబ్బు ముందుగా చేతిలో ఉంటుంది కాబట్టి జనం తక్కువ వచ్చే చిన్న నాటకానికీ, స్కూలు పిల్లల కార్యక్రమాలకీ చోటు ఇవ్వగలుగుతారు. నాన్న అంతా విని, "దేవుడి ధూపదీపాలకి మాన్యం రాసినట్టు వీళ్ళు నాటకానికి మాన్యం రాశారన్నమాట" అన్నారు. ఇన్నేళ్ళుగా ఈ సంస్థ గురించి నేను చదివినవాటిలో ఇంత సూటిగా చెప్పిన మాట నాకు కనబడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మద్రాసు కబుర్లు మొదలుపెట్టారు. అక్కడి విక్టోరియా పబ్లిక్ హాలుకి 1883లో శంకుస్థాపన చేసింది మన విజయనగరం మహారాజా ఆనంద గజపతిరాజుగారట. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి బళ్ళారి నాటక సమాజం మద్రాసు వెళ్ళి ఆడిన తెలుగు నాటకాలు చూసే కదా, తమిళ నాటకకర్త పమ్మల్ సంబంధ ముదలియార్ 1891లో సుగుణ విలాస సభ అనే నాటక సమాజం పెట్టింది, అని నాన్న ఉపన్యాసం. మన నాటకం ఇంకోళ్ళ నాటకానికి ఊపిరి పోసింది, మన హాళ్ళే మనం చూసుకోలేకపోయాం అని ఆయన బాధ. ఎంతసేపు మాట్లాడారో, పెరుగన్నం దాకా వచ్చేసరికి మా పిల్లలు సోఫాలో నిద్రపోయారు.

నాకు ఈ ప్లేహౌస్ స్క్వేర్ వాళ్ళలో నచ్చే ఇంకో గుణం ఉంది. బాగుచేశాం, ఇంక ముట్టుకోకూడదు అనుకోరు. హానా థియేటర్‌ని 2008లో గ్రేట్ లేక్స్ థియేటర్ అనే నాటక సంస్థ కోసం మార్చారు, సీట్లు బాగా తగ్గించేసి స్టేజీని జనంలోకి తోసుకొచ్చారు. అలెన్ ఇంకా సాహసం. అంత కష్టపడి 1998లో తెరిచిన రెండువేల పైచిలుకు సీట్ల హాలుని 2011లో క్లీవ్‌లాండ్ ప్లే హౌస్ అనే నాటక సంస్థ కోసం ఐదువందల సీట్లకి కుదించారు, పక్కనే చిన్న స్టేజీలు కట్టారు. అప్పుడు నేను కూడా అయ్యో అనుకున్నదాన్నే. ఒకసారి లోపల కూర్చుని చూశాక అర్థమైంది. పాత గోడలు అలాగే ఉన్నాయి, వాటి ముందు జాలీలాంటి తెరలు నిలబెట్టారు, వెనక దీపం వేస్తే పాత చెక్కడం కనిపిస్తుంది. నటుడు నిట్టూర్చినా వినపడుతుంది. రెండువేల మందిలో నాలుగొందల మంది కూర్చుంటే నటుడికి ఎంత నీరసమో నాటకాలవాళ్ళని అడగండి. ఐదొందల్లో నాలుగొందల మంది కూర్చుంటే అది పండగ.

2014లో యూక్లిడ్ అవెన్యూ నడిరోడ్డు మీద, కార్లు కింద నుంచి వెళ్ళేలా, 20 అడుగుల షాండ్లియర్ వేలాడదీశారు, 4,200 క్రిస్టల్స్‌తో. బయటికి పెద్ద ఆడంబరంలా ఉంటుంది. కానీ రాత్రి పూట భయపడుతూ బస్సు కోసం పరిగెత్తిన ఆ వీధిలో ఇప్పుడు జనం దాని కింద ఆగి ఫోటోలు తీసుకుంటున్నారంటే నాకు ఆడంబరం అనిపించదు. 2020 మార్చిలో అన్నీ మూసేసినప్పుడు నాకు పట్టుకున్న టెన్షన్ మా ఆయనకే తెలుసు. మూసిన హాలు మళ్ళీ తెరుచుకోదన్న భయం చిన్నప్పటి నుంచి నా ఒంట్లోనే ఉంది. ఇక్కడ మాత్రం తెరుచుకుంది. మళ్ళీ డ్యూటీకి పిలిచిన రోజు కోటు ఇస్త్రీ చేసుకుంటుంటే మా అమ్మాయి వచ్చి, "అమ్మా, పెళ్ళికెళ్తున్నావా?" అని అడిగింది.

ఇప్పుడు నాన్న చెప్పిన కబురు. ఆయనకి ఎనభై దాటాయి. అమెరికా నుంచి వెళ్ళినప్పటి నుంచీ ఊళ్ళో కనబడ్డవాళ్ళందరికీ ఆ లాబీ కథ చెప్తూనే ఉన్నారు, 522 అనే అంకె మా ఊళ్ళో అరుగు మీద కూర్చునేవాళ్ళందరికీ వచ్చు ఇప్పుడు. మొన్న సంక్రాంతికి ఆయన, మిగిలిన పాత నటులు, జూనియర్ కాలేజీ కుర్రాళ్ళు కొందరు కలిసి షాపులవాళ్ళని బతిమాలి వరండాలో కొంత చోటు ఖాళీ చేయించారు. ఊడ్చి, సున్నం కొట్టి, ట్యూబులైట్లు కట్టి పద్యాల కార్యక్రమం పెట్టారు. వెళ్ళిపోయిన హార్మోనిస్టు కొడుకు వచ్చి వాయించాడట. తాళం తీయలేదు, హాలు జోలికే వెళ్ళలేదు. వరండా చాలక జనం రోడ్డు మీద నిలబడ్డారు. ఆ తర్వాత ప్రతి నెలా ఒక కార్యక్రమం, ఒక్క నెల కూడా ఆపకూడదని పట్టు పట్టారు నాన్న. పోయిన నెల ఆట అయ్యాక చూసినవాళ్ళే అడిగారట, లోపల ఎలా ఉందో ఒకసారి చూద్దాం, తాళం తెప్పించండి అని.

తెప్పించారు. రిటైరైన ఇంజనీరు ఒకాయన లోపల అంతా తిరిగి చూసి, గోడలు గట్టిగానే ఉన్నాయి, సిమెంటు పూత మొత్తం గీకేయాలి, రెండు దూలాలు మార్చాలి, మిద్దె విప్పి మళ్ళీ వేయాలి అన్నారు. కావలసింది డంగు సున్నం పని, మద్రాసు మిద్దె పని చేతితో చేసిన మేస్త్రీ. గుంటూరు, కృష్ణా వైపు అలాంటివాళ్ళు ఇంకా ఎవరైనా పని చేస్తున్నారా? పాత గుళ్ళకో, పాత మేడలకో చేసినవాళ్ళైనా సరే, మీకు తెలిస్తే చెప్పండి. తొందరేం లేదు, పని ఎన్నాళ్ళు పట్టినా ఫరవాలేదంటున్నారు నాన్న. వచ్చే నెల ఆట రెండో శనివారం, వరండాలోనే.